ఫ్లెక్సీ మీద జమున

శుక్రవారం ఉదయం నాలుగు గంటల యాభై నిమిషాలకు జమున గోడ మేకు మీద చెయ్యి పెట్టింది. మేకుకు తాళాలు లేవు.

మంచం మీద బీక్యా కూడా లేడు. నిన్న పొద్దుగూకే వేళకు మాడుగులపల్లి అవతలి తండా నుంచి వచ్చి, పెళ్లాంతోనూ బిడ్డతోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా, అన్నం ముట్టకుండా పడుకున్న మనిషి. గడప దగ్గర ఆయన చెప్పులు లేవు.

"అఖిలా, లే. మీ బాపు తాళాలు తీస్కపోయిండు."

అఖిల లేచి కూర్చుంది. సూర్యాపేటలో ఆమె కిరాయికి తీసుకున్న రెండు గదుల ఇల్లు అది. పది రోజులుగా తల్లి కూడా అక్కడే ఉంటోంది.

"ఏ తాళాలు యాడీ?" అమ్మను అఖిల లంబాడీలో యాడీ అనే పిలుస్తుంది.

"ఏ తాళాలేంది? పాయఖాన తాళాలు. మూడిటికి మూడు."

"హోటలుకే పోయిండంటవా?"

"నాకేమెర్క. నాతోటి మాట్లాడితె గద."

అఖిల ఫోన్ చూసింది. ఏడు గంటలకు హోటళ్ల యజమాని దయాకర్ మిర్యాలగూడ నుంచి వస్తాడు. పది రోజుల పరీక్షకు ఇది ఆఖరి రోజు. లెక్క చూసి ఆయన సంతకం పెడితే సూర్యాపేట హోటలులో జరిగింది కోదాడ హోటలులోనూ, మిర్యాలగూడ హోటలులోనూ జరుగుతుంది. తండాల నుంచి ముప్పై ఆరు మంది ఆడవాళ్లకు పని దొరుకుతుంది. కూలి కాదు, అమ్మకంలో వాటా. సంతకం పెట్టకపోతే ఈ రోజుతో ఇదీ ఖతం.

ఆరున్నరకు రాజమండ్రి బస్సు వస్తుంది. దిగేవాళ్లకు తలుపులు తీసి ఉండాలి.

"చీర కట్టుకో, పోదాం," అంది అఖిల.

"కట్టుకునే ఉన్న. నువ్వు లే ముందుగాల."

స్కూటీ మీద ఇద్దరూ హైవే ఎక్కేసరికి తెల్లవారుతోంది. హోటలు దాటి అర కిలోమీటరు పోయి వెనక్కి తిరిగే చోట, కోదాడ నుంచి వచ్చే బస్సులకు ఎదురుగా ఇరవై అడుగుల ఫ్లెక్సీ ఉంది. దాని మీద జమున ఫోటో. కింద మూడు వరుసలు: ఆడవాళ్లకు శుభ్రమైన టాయ్‌లెట్లు. ఉచితం. ఏ లోపమున్నా నన్ను అడగండి – జమున.

జమున ఎప్పటిలాగే అటు చూడకుండా తల తిప్పుకుంది. ఆ బొమ్మను చూస్తే తనకే సిగ్గుగా ఉంటుందని మొదటి రోజు అంది. ఆ తరువాత దాని గురించి మాట్లాడలేదు.

అఖిల పని కంపెనీలకు లాభం వచ్చే దారి చూపడం. ఆమె పెట్టుకున్న షరతు ఒకటే, ఆ దారిలో ఊరికి కూడా ఏదో ఒకటి రావాలి. దయాకర్ ఆమెను పిలిపించినప్పుడు అడిగింది వేరు. హైవే మీద ప్రతి హోటలూ డ్రైవరుకు, క్లీనరుకు వేరే గదిలో ఉత్తగా భోజనం పెడుతుంది. భోజనం బాగున్న చోట డ్రైవరు బస్సు ఆపుతాడు. ఆ గదికి ఏసీ పెట్టించాలా, కూర మార్చాలా అని దయాకర్ అడిగాడు.

అఖిల నాలుగు రోజులు బస్సుల్లో తిరిగింది. దిగినవాళ్లను కాదు, దిగనివాళ్లను లెక్కపెట్టింది. పది మంది ఆడవాళ్లలో ఏడుగురు సీటులోంచి లేవలేదు. పొద్దుటి నుంచి నీళ్లు కూడా తాగలేదని కొందరు చెప్పారు. తల్లి దిగని చోట పిల్లలు దిగరు. పిల్లలు దిగని చోట దోసె అమ్ముడుపోదు.

"డ్రైవర్ల గదికి ఏసీ ఒద్దు సార్. ఆడోళ్ల పాయఖానకు మనిషిని పెట్టండి. బోర్డు మీద పేరు, ఫోటో ఉన్న మనిషిని," అని చెప్పింది.

దయాకర్ నవ్వాడు. ఆ తరువాత పది రోజులు గడువిచ్చాడు. అప్పటికి హోటలు ముందు రోజుకు ఆగే బస్సులు పద్నాలుగు. నిన్న ఆగినవి ముప్పై ఒకటి.

*

బీక్యా హోటలు పక్కన, గదుల ముందు జమున కూర్చునే కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. తలపాగా చుట్టుకున్నాడు. మూడు తలుపులకూ తాళాలు వేసి ఉన్నాయి. సుమిత్ర బకెట్టు పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. సూర్యాపేటలోనే పుట్టి పెరిగిన సుమిత్ర ఇదివరకు వీధులు ఊడ్చే పనిలో ఉండేది. జమునకు మొదటి నుంచీ తోడు ఆమే.

"అయిదింటి సంది గిట్లనే కూసున్నడు. చాయ్ తెస్త అంటె ఒద్దన్నడు," అంది సుమిత్ర.

అఖిల స్కూటీ స్టాండు వేసింది. "బాపూ, తాళాలియ్యి."

"ఇయ్య."

"ఆరున్నరకు బస్సొస్తది."

"రానీ."

"దాంట్ల ఆడోళ్లుంటరు. పిల్లలుంటరు."

"ఉండనీ. రోడ్డు మీద ఇంకో హోటలే లేదా?"

"ఉన్నయి. అందుకే గద నా భయం."

బీక్యా కూతురి వైపు చూడలేదు. జమున ఆయన ఎదురుగా నిలబడింది. ఆమె కూర్చునే కుర్చీ అది ఒక్కటే.

"లే. నా కుర్సీ," అంది లంబాడీలో.

ఆయన లేవలేదు.

"నాతోటి మాట్లాడు. దానితోటి కాదు," అంది మళ్లీ.

"నీతోటి ఏం మాట్లాడాలె. నువ్వు రోడ్డు మీద బొమ్మవైతివి. బొమ్మలతోటి మాట్లాడుతరా?" బీక్యా ఈసారి తెలుగులో అన్నాడు. సుమిత్రకు కూడా తెలియాలనే అన్నాడు.

"ఏమైంది బాపూ? నిన్నటిదాంక మంచిగనే ఉంటివి," అంది అఖిల.

"నిన్నటిదాంక నాకు తెల్వదు గనుక మంచిగున్న. హోటల్ల సూపర్‌వైజర్ అని చెప్తివి. చెప్పలే?"

"సూపర్‌వైజరే."

"దేనికి సూపర్‌వైజర్?"

అఖిల మూసి ఉన్న తలుపుల వైపు చూసింది.

"సెప్పు. పెద్ద సదువు సదివినవ్ గద. దేనికి?"

"బాపూ, నీకు పూర్తిగా చెప్పకపోవుడు నా తప్పే."

"తప్పు గాదు బిడ్డా. తప్పయితె కాళ్లు మొక్కితే పోతది." ఆయన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నిన్న తండాల మనోళ్ల పిల్ల దివ్య లగ్గం మాట్లాడనీకి కూసున్నం. తండా పెద్ద నాయక్ పక్కకు నేను. అవుతల పిల్లగాని తరఫోళ్లు ఇరవై మంది. మన తండా పిల్లగాడు నరేందర్ ఫోన్ తీసిండు. ఒకని చేతుల నుంచి ఒకని చేతులకు పోయింది ఫోన్. నా దగ్గరికొచ్చేసరికి అందరు సప్పుడు చేస్తలేరు. ఏమన్నడో ఎర్కేనా నరేందర్?"

"ఏమన్నడు?"

"'కాకా, చిన్నమ్మ దినాలెప్పుడు? మాకు చెప్పకపోతివి' అన్నడు."

అఖిల ఫోన్ తీసి ఫ్లెక్సీ బొమ్మ తెరిచింది. చుట్టూ పూల అంచు. మధ్యలో నడివయసు ఆడమనిషి, ఒక్కతే. కింద పేరు. ఊళ్లో ఎవరైనా పోతే మూడు రోజులకు కూడలిలో కట్టే శ్రద్ధాంజలి బోర్డు ఇలాగే ఉంటుంది. దుకాణంవాడు ఆ నమూనానే వాడాడు. అఖిల ఫోన్‌లో అరచేతంత బొమ్మ చూసి సరే అంది.

మొదట నవ్వింది జమున. కొంగు అడ్డం పెట్టుకుంది కానీ ఆగలేదు. సుమిత్ర కూడా నవ్వింది.

"నవ్వు. నవ్వు," అన్నాడు బీక్యా. "ఇంకోటి సెప్పాల్నా? అది మహేష్ పెండ్లిల దిగిన ఫోటో. నేను పక్కనే ఉన్న. నా భుజం ఏడ వోయింది? కోసిండ్రు. బతికున్న మనిషిని కోసి పారేసిండ్రు."

జమున నవ్వు ఆపింది. మహేష్ వాళ్ల కొడుకు. ఆ పెళ్లిలో దిగిన ఫోటో ఇంట్లో గోడకు ఉంది. దాంట్లో బీక్యా కూడా ఉన్నాడు.

"ఫ్లెక్సీ మారుస్తం బాపూ. పూలు తీపిస్త. ముందు తాళాలియ్యి."

"పూలు కాదు నా బాధ. పూల కింద రాసినవ్ సూడు, అది." ఆయన వేలితో గదుల వైపు చూపించాడు. "మా తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసిన్రు. మేం పసులు గాసినం. కూలికి పోయినం. నాగార్జునసాగర్ కాలువ తవ్వినం. ఈ పని మాత్రం చెయ్యలే. చెయ్యమని అడిగే ధైర్యం కూడా ఎవ్వనికి లేకుండె."

"ఆ పని ఎవరో ఒకరు చేయాలె గద. ఎవరు చేయాల్నో నువ్వే చెప్పు."

బీక్యా చూపు సుమిత్ర బకెట్టు మీదికి పోయింది.

"నేను చెయ్యాల," అంది మెట్టు మీది నుంచి సుమిత్ర. "కాకా అనడు గని, గదే. నేను చేస్తె ఏం గాదు. చిన్నమ్మ చేస్తె పరువు వోతది. అంతే గద కాకా?"

"నేను అట్లన్ననా?"

"అనలేదు. అందుకే నేను అంటున్న."

బీక్యా తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. ఒక చుట్టు తప్పింది. విప్పి మళ్లీ చుట్టాడు. అది అయ్యేదాకా ముగ్గురు ఆడవాళ్లూ చూస్తూ ఉన్నారు.

"సరే బిడ్డా," అన్నాడు అఖిలతో. గొంతు తగ్గింది. "పని తప్పు కాదంటవ్. ఒప్పుకున్న. గౌరవమే అంటవ్. అదీ ఒప్పుకున్న. గంత గౌరవమైతే సేటు భార్య ఫోటో ఎందుకు పెట్టలే? హోటలు ఆయనది. పాయఖానలు ఆయనవి. వచ్చే పైసలు ఆయనవి. బొమ్మ మాత్రం మన ఆమెది. ఎందుకు?"

అఖిల దగ్గర నలభై రెండు పేజీల ప్లాను ఉంది. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆగుతుందో అందులో ఉంది. కుళాయి ఎంత ఎత్తులో ఉండాలో ఉంది. ఎవరి ఫోటో పెట్టాలో ఒక పేజీ అంతా ఉంది. ఆ పేజీలో పన్నెండు పేర్లు రాసుకుని పదకొండు కొట్టేసింది. దయాకర్ భార్య ఆండాళు పేరు ఆ పన్నెండులో లేదు.

అది తనకు తట్టనే లేదు. తండా నుంచి వచ్చిన తనకు కూడా తట్టలేదు.

"చెప్పు," అన్నాడు బీక్యా.

హైవే మీద బస్సు హారన్ వినిపించింది.

*

ఆరు ముప్పై నాలుగుకు లాజరు బస్సు హోటలు ముందుకు తిప్పాడు. రాజమండ్రి నుంచి హైదరాబాదు వెళ్లే ప్రైవేటు బస్సు. లాజరుది కోదాడ. ఏడేళ్లుగా ఎదురు హోటలులో ఆపినవాడు ఈ వారంలో నాలుగోసారి ఇక్కడ ఆపుతున్నాడు. కూర కోసం కాదని, బస్సులో ఆడవాళ్లు ఊరుకోవడం లేదని మొన్ననే అఖిలతో చెప్పాడు.

తలుపు తెరవగానే మొదట దిగింది ఆడవాళ్లే. ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని ఉంది. వెనక ఇంకా దిగుతున్నారు.

లాజరు కిందికి దూకి తాళాలు చూశాడు. "ఏంటమ్మా ఇది? తాళాలేసి ఉన్నాయేంటి?"

"రెండు నిమిషాలు లాజరన్నా," అంది అఖిల.

"రెండు నిమిషాలంటే ఆగుతారా అండీ వీళ్లు? చిల్లకల్లు కాణ్నుంచి అడుగుతున్నారు, ఆ ఫోటో అమ్మ దగ్గరే ఆపమని. ఎదురు హోటలుకి తిప్పమంటారా, చెప్పండి. మళ్లీ ఇటు రమ్మంటే నా వల్ల కాదు."

"జర ఆగన్నా."

"ఆగేది నేను కాదండీ. ఆళ్లు."

ముందు వరుసలో ఉన్న పెద్దామె బీక్యా దగ్గరికి వచ్చింది. చేతిలో ఖాళీ నీళ్ల సీసా ఉంది. ఆమెకు ఇక్కడి గొడవ తెలియదు. తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో మాత్రం తెలిసిపోయింది. జేబు మీద చెయ్యి వేసుకుని ఉన్నది ఆయన ఒక్కడే.

"బాబూ, తియ్యి. నిలబడలేకపోతున్నాను."

బీక్యా లేచాడు.

ఎవరివైపూ చూడకుండా మొదటి తలుపు తీశాడు. రెండోది తీశాడు. మూడో తాళం పట్టేసింది. రెండుసార్లు తిప్పి భుజంతో తోసి తీశాడు. మూడు తాళాలూ, మూడు చెవులూ మళ్లీ జేబులో వేసుకుని, ఇరవై అడుగుల దూరం నడిచి, గదులకు వీపు చేసి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.



తరువాతి పదిహేను నిమిషాలు మాటలకు తీరిక లేదు. జమున కుర్చీలో కూర్చోలేదు. ఒకరు బయటికి రాగానే లోపలికి వెళ్లి, నీళ్లు కొట్టి, నేల తుడిచి, "రా బిడ్డా" అని తరువాతి మనిషిని పిలిచింది. చంటిపిల్ల తల్లి లోపలికి వెళ్తే పిల్లను సుమిత్ర ఎత్తుకుంది. బస్సులో దిగకుండా కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు కిటికీలోంచి చూసి, మాట్లాడుకుని, వాళ్లూ దిగారు. అఖిల వేళ్ల మీద లెక్కపెట్టింది. పంతొమ్మిది మంది ఆడవాళ్లలో పద్దెనిమిది మంది దిగారు. పది రోజుల్లో ఇంతమంది ఏ బస్సులోంచీ దిగలేదు.

దోసెల పెనం దగ్గర వరుస కట్టారు. క్యాషు దగ్గర కుర్రవాడు చిల్లర కోసం అరిచాడు.

నీళ్ల సీసా పెద్దామె బయటికి వచ్చింది. సీసా నింపుకుంది. జమున ముఖంలోకి చూసింది.

"ఆ ఫోటోలో ఉన్నది నువ్వేనా అమ్మా?"

"నేనే."

"బతికే ఉన్నావు గదా. నేను ఇంకోలా అనుకున్నా, ఆ పూలూ అవీ చూసి."

"మా ఆయన కూడా గట్లనే అనుకున్నడమ్మా. అందుకే తాళమేసిండు," అంది జమున.

రోడ్డు వైపు తిరిగి ఉన్న బీక్యా వీపు కదిలింది. నవ్వాడో దగ్గాడో అఖిలకు తెలియలేదు.

*

ఏడు గంటలకు దయాకర్ కారు వచ్చింది. లాజరు బస్సు ఇంకా అక్కడే ఉంది. దాని వెనక ఇంకో రెండు ఆగాయి. కారు నిలపడానికి చోటు లేక దయాకర్ పక్కకు తీశాడు. దిగుతూనే బస్సులు లెక్కపెట్టాడు.

"మూడు బస్సులా అఖిలమ్మా? ఏడింటికే?"

"మూడు సార్."

"నిన్నటిది ఫైనల్ ఎంత?"

"ముప్పై ఒకటి."

"ముప్పై ఒకటి," అన్నాడు దయాకర్, భార్య వైపు తిరిగి. "విన్నవా ఆండాళూ?"

ఆండాళు వినలేదు. కారు దిగి నేరుగా గదుల వైపు వెళ్లింది. మిర్యాలగూడలో వాళ్లది మూడు తరాల బియ్యం వ్యాపారం. హోటళ్లు దయాకర్ మొదలుపెట్టినవి. ఆండాళు హోటలు గడప తొక్కడం అఖిల చూడటం ఇదే మొదటిసారి.

దయాకర్ చేతిలో ఒప్పందం కాగితాల ఫైలు ఉంది. దాన్ని కారు బానెట్టు మీద పెట్టి జేబులోంచి పెన్ను తీశాడు.

"కోదాడకు ఎన్నడు మొదలుపెడదాం? సోమవారం?"

"సేటూ," అన్నాడు బీక్యా.

దయాకర్ తల ఎత్తాడు.

"మా బాపు సార్," అంది అఖిల.

"నమస్తే బీక్యా. మీ ఆమె పుణ్యాన మా హోటలు నిలబడ్డది."

"గదే మాట అడుగుదామని." బీక్యా జేబులోంచి తాళాలు తీసి చూపించాడు. "పొద్దుగాల తాళం నేనే ఏసిన. తప్పయింది, బస్సోళ్లు పరేషానైన్రు. ఇప్పుడు తీసిన. కాని బోర్డు మీద మా ఆమె ఒక్కతే ఉంటే, రేపటి సంది ఆమె తండాలనే ఉంటది. ఇంటామె బొమ్మ పక్కన పెట్టు. అప్పుడు నేనే రోజు వచ్చి తలుపు తీస్త. కూలి కూడ అడగ."

"ఏ ఇంటామె?"

"మీ ఇంటామె."

దయాకర్ పెన్ను మూత పెట్టాడు.

జమున చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. "పొద్దటి సంది నా ఫోటో గురించే అందరు మాట్లాడుతున్రు. నన్ను అడిగినోళ్లు ఒక్కరు లేరు. ఇది అడగలే." అఖిలను చూపించింది. "నువ్వు అడగలే." బీక్యాను చూపించింది. "పెండ్లయి నలభై ఏండ్లాయె. నా పేరు రేషన్ కార్డు మీద తప్ప ఏడన్న రాసిన్రా? నా ఫోటో ఉంటది. పూలు తియ్యి. గంతే."

"తండాల తల ఎట్ల ఎత్తుకోవాలె నేను?" అన్నాడు బీక్యా.

"నువ్వు ఎత్తుకోకు. నేను ఎత్తుకుంట."

ఆండాళు బయటికి వచ్చింది. ఆమె ఎంతసేపటి నుంచి వింటోందో ఎవరికీ తెలియదు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. నీళ్లు కట్టేసి, సరిగ్గా కట్టిందో లేదో ఇంకోసారి చూసింది.

"మీరు ఇరవై ఏండ్ల సంది హోటళ్లు నడుపుతున్నరు," అంది భర్తతో. "మీ హోటల్ల నేను ఎన్నడన్న పాయఖానకు పోయిన్నా?"

"అదేం మాట ఇప్పుడు?"

"పోలే. మిర్యాలగూడల ఇంట్ల పోయి బయల్దేరితే, మల్ల హైదరాబాద్ల మా చెల్లె ఇంట్లనే. దారి పొడుగునా మీరు చాయ్ తాగుమంటరు, నేను ఒద్దంట. చాయ్ ఇష్టం లేదనుకుంటున్నరు మీరు."

దయాకర్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"ఇయ్యాల పోయిన. అఖిలా, నా ఫోటో పెట్టు."

"ఆండాళూ. జర ఆలోచించు."

"ఆలోచించే అంటున్న."

"ఆదివారం కోదాడ నుంచి వాళ్లొస్తున్నరు. మన బిడ్డ అక్షితను చూడనీకి. సూర్యాపేటల చుట్టాలను ఎక్కించుకోని ఈ రోడ్డు మీదికెల్లే వస్తరు. పాయఖాన బోర్డు మీద నువ్వు కనపడితే ఏమనుకుంటరు? మన కులంల ఏమంటరు?"

"వచ్చేటోళ్లల్ల ఆడోళ్లుంటరా ఉండరా?"

"ఉంటరు."

"అయితే గీడనే ఆగుతరు."

లాజరు బస్సు స్టార్టు చేశాడు. అందరూ ఆ బస్సు రోడ్డెక్కేదాకా చూశారు. కిటికీలోంచి చంటిపిల్ల తల్లి సుమిత్రకు చెయ్యి ఊపింది.

"అక్షితను అడుగు. పెండ్లి ఆమెది," అన్నాడు దయాకర్.

ఆండాళు ఫోన్ చేసింది. మూడు నిమిషాలు మాట్లాడింది. ఎక్కువగా వింది. ఫోన్ పెట్టేసి, "నీ దగ్గర గా ఎర్ర చీర ఫోటో ఉంది గద, అండ్ల బాగలేవు, పచ్చ చీరది పంపు అన్నది," అంది.

అఖిలకు నవ్వు వచ్చింది. దయాకర్ ముఖం చూసి ఆపుకుంది. ఈ సంతకం మీద ముప్పై ఆరు మంది ఉన్నారు. నిన్న సాయంత్రం వాళ్లలో ఇరవై మంది, పనికి ఏ చీర కట్టుకుని రావాలని ఫోన్ చేశారు.

"సార్," అంది. "ఒక్క మాట. ఫోటో లేకపోయినా ప్లాను నడుస్తది అని నేను చెప్పొచ్చు. అది నిజం కాదు. ఆ మనిషి పేరున్నదనే ఆడోళ్లు దిగుతున్నరు. ఇంకో మాట. మా యాడి ఫోటో పెట్టిన్నాడు నాకు మీ ఇంటామె పేరు యాదికే రాలే. అది నా తప్పు. మా బాపు చెప్తే తెలిసింది. రేపు తండాల ప్రతి ఇంట్ల గిదే మాట అడుగుతరు."

"అంటే పెట్టాలంటవు."

"పెట్టాలంట."

"ఆండాళు ఫోటో పెడితేనే నీ తండా మనుషులు వస్తరు. పెడితే నా ఇంట్ల సంబంధం పోవచ్చు. గంతే గద లెక్క?"

"పోవచ్చు. పోకపోవచ్చు. నాకు తెల్వదు సార్."

"అన్నిటికి లెక్క చెప్తవ్ గద, దీనికి లేదా?"

"దీనికి లేదు."

ఆండాళు అప్పటికే పచ్చ చీర ఫోటో అఖిలకు పంపింది. అఖిల ఫ్లెక్సీ దుకాణం శ్రీనివాస్‌కు ఫోన్ చేసింది. ఇద్దరి ఫోటోలు, పక్కపక్కన, ఒకే సైజు. పూలు ఉండొద్దు. ఏ అంచూ ఉండొద్దు. అక్షరాలు అవే, కింద రెండు పేర్లు.

"గంటన్నరల ఇస్త మేడం. మొన్నటిది మంచిగ రాలేదా?" అన్నాడు శ్రీనివాస్.

"మంచిగనే వచ్చింది. ఎవరు పోయిన్రని అడుగుతున్రు."

బీక్యా ఆ మాట విన్నాడు. కుర్చీ పక్కన ఉన్న బల్ల మీద మూడు తాళాలూ పెట్టాడు. చెవులు విడిగా పెట్టాడు. జమున వాటిని వెంటనే తీయలేదు. బల్ల తుడిచింది, తాళాలు జరిపి వాటి కింద కూడా తుడిచింది. ఆ తరువాత చెవులు తీసి కొంగుకు ముడి వేసుకుంది.

"అన్నం తిన్నవా?" అంది.

"రాత్రి సంది లేదు."

"సుమిత్రా, కాకకు రెండు ఇడ్లీ చెప్పు."

"డ్రైవర్ల గదిల పెడ్తరు. ఉత్తగనే," అంది సుమిత్ర.

"ఉత్తది ఒద్దు. పైసలిస్త," అన్నాడు బీక్యా.

దయాకర్ ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. ఫైలు తెరిచి ఆఖరి పేజీ దాకా తిప్పాడు. తన పేరు ఉన్న చోట వేలు పెట్టి ఆపాడు. పెన్ను తీయలేదు. ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు.

"సార్, సంతకం?" అంది అఖిల.

"వస్త."

"ఏడికి?" అంది ఆండాళు.

ఆయన కారు ఎక్కాడు. ఆండాళు రెండడుగులు వేసి ఆగింది. ఆయన ఆమె వైపు తలుపు తీయలేదు. ఆమె కూడా తీయమనలేదు. కారు వెనక్కి వచ్చి, ఆగి ఉన్న రెండు బస్సుల మధ్య నుంచి రోడ్డెక్కింది.

మిర్యాలగూడ పోవాలంటే తిన్నగా సూర్యాపేట ఊళ్లోకి వెళ్లాలి. ఆండాళు కొంగు భుజం మీదికి లాక్కుని అటే చూస్తోంది. అఖిల ఆమె పక్కన నిలబడింది.

ఏడు గంటల యాభై రెండు నిమిషాలకు కారు డివైడరు ఖాళీ దగ్గర వెనక్కి తిరిగింది. అవతలి రోడ్డు మీద హోటలు ఎదురుగా ఆగకుండా వెళ్లి, కోదాడ దారి పట్టింది. "ఆదివారం దాంక ఆగలేక, బోర్డు సంగతి వాళ్లకు ముందుగాలనే చెప్పనీకి పోతున్నడు," అంది ఆండాళు.